టెక్స్ట్ ఎడిటర్‌లో గ్రాఫికల్ అప్లికేషన్ల చేరిక: ఈమాక్స్ విస్తరణ పద్ధతులు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఈమాక్స్ 1976లో రూపొంది నేటికీ వాడుకలో ఉన్న టెక్స్ట్ ఎడిటర్. అక్షరాలతో పని చేయడానికి పుట్టిన ఈ సాధనంలోకి వెబ్ బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్, వీడియో ప్లేయర్ వంటి గ్రాఫికల్ అప్లికేషన్లను చేర్చే ప్రయత్నాలు గత రెండు దశాబ్దాలుగా జరుగుతున్నాయి. అలంకారశాస్త్రంలోని సంసృష్టి, సంకర భావనల ఆధారంగా ఆ ప్రయత్నాలను వర్గీకరించి, వాటి గుణదోషాలను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక అప్లికేషన్ ఎడిటర్ కిటికీలో కనిపించడం వేరు, దానిలోని పాఠం ఎడిటర్ ఆజ్ఞలకు లోబడటం వేరు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు లిపి విషయంలో గ్రాఫిక్స్‌కూ పాఠానికీ మధ్య ఉన్న సంబంధాన్ని ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఈమాక్స్, టెక్స్ట్ ఎడిటర్, బఫర్, గ్రాఫికల్ అప్లికేషన్, సంసృష్టి, సంకరం, తెలుగు యూనికోడ్, పాఠలభ్యత.

1. ఉపోద్ఘాతం:

కంప్యూటర్ మీద రాయడానికి ప్రధానంగా రెండు రకాల సాధనాలు ఉన్నాయి. మొదటిది వర్డ్ ప్రాసెసర్. ఇది అక్షరాలతోపాటు వాటి పరిమాణాన్ని, రంగును, పేజీ అమరికను కూడా ఒకే ఫైలులో భద్రపరుస్తుంది. రెండవది టెక్స్ట్ ఎడిటర్. ఇది అక్షరాలను మాత్రమే భద్రపరుస్తుంది. టెక్స్ట్ ఎడిటర్ ప్రోగ్రాములు రాసేవారికి తప్ప ఇతరులకు పనికిరాదన్న అభిప్రాయం సాహిత్య విద్యార్థుల్లో బలంగా ఉంది. అయితే పదసూచికల తయారీ, పాఠాంతరాల పోలిక, నిఘంటు నిర్మాణం, గ్రంథ పరిష్కరణ వంటివన్నీ అక్షరాల మీద జరిగే పనులే. వెయ్యి పద్యాలలో ఒక ధాతురూపం ఎక్కడెక్కడ వచ్చిందో వెదికి ఒకచోట చేర్చడానికి పేజీ అలంకరణ అక్కరలేదు, అక్షరాల మీద పట్టు కావాలి. ఆ పట్టును టెక్స్ట్ ఎడిటర్ ఇస్తుంది.

కానీ పరిశోధకుని పని ఒక్క పాఠంతో ముగియదు. పక్కన స్కాన్ చేసిన గ్రంథం తెరిచి ఉండాలి. గ్రంథాలయ సూచికను వెబ్‌లో చూడాలి. ఒక ప్రసంగం ఆడియోను వింటూ లిఖితరూపంలో పెట్టాలి. ఇవన్నీ గ్రాఫికల్ అప్లికేషన్లు చేసే పనులు. అలాంటప్పుడు ఎడిటర్‌ను విడిచి వాటి దగ్గరకు వెళ్ళాలా, వాటినే ఎడిటర్‌లోకి రప్పించాలా అన్న ప్రశ్న వస్తుంది. ఈమాక్స్ వాడుకరులలో ఒక వర్గం రెండవ మార్గాన్ని ఎంచుకుంది. అలా రప్పించిన అప్లికేషన్ ఎడిటర్‌లో భాగమవుతుందా, లేక దాని చూరు కింద తలదాచుకున్న పరాయి వస్తువుగానే మిగులుతుందా అన్నది ఈ వ్యాసం చర్చించే అంశం.

2. నేపథ్యం – డిస్ప్లే ఎడిటర్ అన్న భావన:

ఈమాక్స్ పుట్టుక అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ కృత్రిమ మేధా ప్రయోగశాలలో జరిగింది. అంతకుముందు అక్కడ టెకో అనే ఎడిటర్ వాడుకలో ఉండేది. టెకోలో వాడుకరి ముందుగా ఆజ్ఞల వరుసను టైప్ చేసి, ఆ తర్వాత దానిని అమలు చేయించేవాడు. తాను మారుస్తున్న పాఠం మారుతుండగానే కంటికి కనిపించేది కాదు. 1972లో కార్ల్ మికెల్సెన్ నొక్కిన ప్రతి మీట ఫలితం వెంటనే తెర మీద కనిపించే పద్ధతిని టెకోకు జోడించాడు. 1974లో రిచర్డ్ స్టాల్‌మన్ ఏ మీటకైనా ఒక మాక్రోను, అంటే ఆజ్ఞల సముదాయాన్ని, కట్టబెట్టే వీలు కల్పించాడు. ఎవరికి వారు రాసుకున్న మాక్రోలను ఒక క్రమంలోకి తెచ్చే ప్రయత్నంలో 1976లో స్టాల్‌మన్, గై స్టీల్‌ల కృషితో ఈమాక్స్ రూపొందింది. 'ఎడిటింగ్ మాక్రోస్' అన్న మాటల కుదింపే ఆ పేరు.

స్టాల్‌మన్ 1981లో ఈమాక్స్‌ను వివరిస్తూ రాసిన పత్రం శీర్షికలో ఆ ఎడిటర్‌కు నాలుగు విశేషణాలు కనిపిస్తాయి. అది విస్తరించదగినది, వాడుకరి తనకు తగినట్లు మలచుకోదగినది, తన గురించి తానే వివరించుకునేది, తెర మీద పాఠాన్ని చూపేది. వీటిలో చివరిది నేటి పాఠకుడికి వింతగా తోచవచ్చు. తెర మీద పాఠాన్ని చూపని ఎడిటర్ ఉంటుందా అనిపించవచ్చు. టెకో నేపథ్యం తెలిస్తే ఆ విశేషణం విలువ అర్థమవుతుంది. కనిపించడం అన్నది ఈమాక్స్‌కు తర్వాత అంటించిన గుణం కాదు, జన్మతః వచ్చిన గుణం. కాబట్టి అక్షరాల ఎడిటర్‌కు గ్రాఫిక్స్ పరధర్మమన్న వాదన చారిత్రకంగా నిలవదు. ఏది కనిపించాలి, కనిపించినదాని మీద వాడుకరికి ఎంత అధికారం ఉండాలి అన్నవే అసలు ప్రశ్నలు.

1985లో వెలువడిన గ్నూ ఈమాక్స్ ఈ భావనలను లిస్ప్ భాష ఆధారంగా పునర్నిర్మించింది. సి భాషలో రాసిన మూలభాగం మీద ఎడిటర్ ఆజ్ఞలలో అత్యధిక భాగాన్ని ఈమాక్స్ లిస్ప్‌లో రాశారు. వాడుకరి ఎడిటర్ నడుస్తుండగానే ఆ ఆజ్ఞల నిర్వచనాలను చదవవచ్చు, మార్చవచ్చు. 1993 నాటి 19వ వెర్షన్ ఎక్స్ విండో వ్యవస్థలో పలు కిటికీలను తెరిచే సౌకర్యాన్ని ఇచ్చింది. 2001 నాటి 21వ వెర్షన్ పాఠం మధ్యలో బొమ్మలను చూపగలిగింది. 2009 నాటి 23వ వెర్షన్ అంతర్గత అక్షర వ్యవస్థను యూనికోడ్ ప్రాతిపదికకు మార్చింది. 2016 నాటి 25వ వెర్షన్ బ్రౌజర్ యంత్రాంగాన్ని ఎడిటర్‌లోనే ఇమిడ్చే వీలు కల్పించింది. అడపాదడపా ఒక్కొక్క మెట్టుగా సాగిన ఈ మార్పుల మీదనే నేటి ప్రయత్నాలన్నీ ఆధారపడ్డాయి.

3. పరిశీలనా ప్రమాణాలు:

3.1 బఫర్:

ఈమాక్స్ స్వభావాన్ని తెలిపే కీలకమైన మాట బఫర్. ఎడిటర్ తన జ్ఞాపకంలో ఉంచుకుని వాడుకరికి చూపే పాఠమే బఫర్. తెరిచిన ఫైలు ఒక బఫర్. ఫోల్డర్‌లోని ఫైళ్ళ జాబితా ఒక బఫర్. సహాయ సమాచారం, ఉత్తరాల పెట్టె, మరొక ప్రోగ్రాము ఇచ్చిన ఫలితం కూడా బఫర్లే. అన్నీ పాఠరూపంలో ఉంటాయి కనుక వెదకడానికి నేర్చుకున్న ఒకే ఆజ్ఞ అన్నిచోట్లా పనిచేస్తుంది. ఫైళ్ళ జాబితాను సవరించదగిన స్థితికి మార్చి, అందులోని పేర్లను పద్యపాదాన్ని దిద్దినట్లే దిద్ది ఆమోదిస్తే డిస్క్ మీద ఫైళ్ళ పేర్లు మారిపోతాయి. ఫైళ్ళ పేర్లు మార్చడానికి ప్రత్యేకమైన విద్య నేర్వనక్కరలేదు, అక్షరాలు దిద్దే విద్య చాలు. ఈమాక్స్ బలం దానిలో ఉన్న సౌకర్యాల సంఖ్యలో లేదు, ఈ ఏకసూత్రతలో ఉంది.

3.2 సంసృష్టి, సంకరం:

ఒకే పద్యంలో ఒకటికి మించిన అలంకారాలు కలిసినప్పుడు ఆ కలయికను ఆలంకారికులు రెండు విధాలుగా గుర్తించారు. నువ్వులూ బియ్యమూ కలిసినట్లు, దేనికది విడిగా గుర్తించదగినట్లు ఉంటే సంసృష్టి. ఇది తిలతండుల న్యాయం. పాలూ నీళ్ళూ కలిసినట్లు విడదీయరానిదిగా ఉంటే సంకరం. ఇది క్షీరనీర న్యాయం. సంకర భేదాలలో ఒకటైన అంగాంగిభావ సంకరంలో ఒక అలంకారం మరొకదానికి అంగంగా నిలిచి దానిని పోషిస్తుంది.

ఎడిటర్‌లో గ్రాఫికల్ అప్లికేషన్ చేరే తీరును వివరించడానికి ఈ విభజన ఉపకరిస్తుంది. అప్లికేషన్ తన కిటికీతో, తన పాఠంతో, తన ఆజ్ఞలతో ఎడిటర్ పక్కన నిలిస్తే అది సంసృష్టి. దానిలోని పాఠం బఫర్ పాఠమై ఎడిటర్ ఆజ్ఞలకు లోబడితే అది సంకరం. కావ్యంలో సంసృష్టి దోషం కానట్లే ఇక్కడ కూడా అది స్వతహాగా దోషం కాదు. సంసృష్టిని సంకరమని భ్రమించినప్పుడే చిక్కు వస్తుంది.

ఈ ప్రాతిపదికన ప్రతి పద్ధతినీ మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. చేరిన అప్లికేషన్‌లోని పాఠాన్ని ఎడిటర్ ఆజ్ఞలతో వెదకడం, ఎత్తిరాయడం, మార్చడం సాధ్యమేనా? ఎడిటర్ తన గురించి తాను వివరించుకునే గుణం అక్కడ కూడా నిలుస్తుందా? ఆ చేరిక ఏ బయటి వ్యవస్థల మీద ఆధారపడుతుంది, అవి మారితే ఏమవుతుంది?

4. చేరిక పద్ధతులు – గుణదోష విచారణ:

4.1 బొమ్మగా మారిన పేజీ:

23వ వెర్షన్‌తో వచ్చిన డాక్‌వ్యూ పీడీఎఫ్ పేజీలను ఘోస్ట్‌స్క్రిప్ట్ వంటి బయటి ప్రోగ్రాము ద్వారా బొమ్మలుగా మార్పించి బఫర్‌లో చూపుతుంది. పేజీ కళ్ళకు కనిపిస్తుంది కానీ అందులోని అక్షరాలు బఫర్ అక్షరాలు కావు. మొదటి ప్రశ్నకు ఈ పద్ధతి ఇచ్చే సమాధానం బలహీనమైనది.

తర్వాత వచ్చిన పీడీఎఫ్ టూల్స్ అనే పొడిగింపు ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. ఇది పాప్లర్ అనే పీడీఎఫ్ గ్రంథాలయం ఆధారంగా పనిచేసే చిన్న సహాయక ప్రోగ్రామును వెనుక నడుపుతుంది. తెర మీద కనిపించేది ఇక్కడ కూడా బొమ్మే. అయితే వాడుకరి ఈమాక్స్ వెదుకులాట ఆజ్ఞను ఇచ్చినప్పుడు ఆ ఆజ్ఞ సహాయక ప్రోగ్రాముకు చేరి, దొరికిన మాటలు పేజీ మీద గుర్తులతో కనిపిస్తాయి. గ్రంథం మొత్తంలో ఒక మాట వచ్చిన పంక్తులన్నిటినీ వేరొక బఫర్‌లో జాబితాగా పొందవచ్చు. పేజీ అంచున రాసుకునే వ్యాఖ్యలను మామూలు ఈమాక్స్ బఫర్‌లోనే రాసి పీడీఎఫ్‌లో భద్రపరచవచ్చు. గ్రాఫికల్ భాగం పాఠానికి అంగమై, పాఠం అంగిగా నిలిచిన అంగాంగిభావానికి ఇది మంచి ఉదాహరణ. అందుకే ఈ పద్ధతికి అలవాటుపడిన వాడుకరికి ఎడిటర్‌ను విడిచి బయటకు వెళ్ళిన భావన కలగదు.

4.2 వెబ్ పేజీకి రెండు దారులు:

వెబ్ విషయంలో ఈమాక్స్‌లోనే రెండు పరస్పర భిన్నమైన దారులు ఉన్నాయి. 2014లో వెలువడిన 24.4వ వెర్షన్‌తో చేరిన ఈడబ్ల్యూడబ్ల్యూ బ్రౌజర్ వెబ్ పేజీని చదివి దానిని బఫర్ పాఠంగా మార్చేస్తుంది. లంకెలు, శీర్షికలు, బొమ్మలు ఆ పాఠంలో భాగాలుగా ఉంటాయి. మూడు ప్రశ్నలకూ ఈ పద్ధతి సంతృప్తికరమైన సమాధానమే ఇస్తుంది. అయితే ఇది జావాస్క్రిప్ట్‌ను అమలు చేయదు. పేజీలోని సమాచారమంతా జావాస్క్రిప్ట్ ద్వారానే తయారయ్యే నేటి వెబ్‌సైట్లలో ఈ బ్రౌజర్‌కు దొరికేది ఖాళీ పేజీ మాత్రమే.

25వ వెర్షన్‌లో ప్రవేశించిన ఎక్స్‌విడ్జెట్ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నమైనది. ఇది వెబ్‌కిట్ బ్రౌజర్ యంత్రాన్నే బఫర్‌లో ఒక వస్తువుగా ప్రతిష్ఠిస్తుంది. పేజీ యథాతథంగా కనిపిస్తుంది, జావాస్క్రిప్ట్ నడుస్తుంది. కానీ బఫర్‌లోని అక్షరాలను వెదికితే పేజీలోని మాటలు దొరకవు. ఆ పేజీలో వెదకడానికి 2023 నాటి 29వ వెర్షన్‌లో ప్రత్యేకమైన మోడ్‌ను చేర్చవలసి వచ్చింది. అన్నిచోట్లా పనిచేయవలసిన ఆజ్ఞకు ఒక్కచోట ప్రత్యేక ప్రతినిధిని నియమించవలసి రావడమే అక్కడ ఏకసూత్రత తెగిందనడానికి నిదర్శనం.

4.3 ఈమాక్స్ అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్:

ఈ రంగంలో అత్యంత విస్తృతమైన ప్రయత్నం 2018లో ఆరంభమైన ఈమాక్స్ అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్. బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్, టెర్మినల్, వీడియో ప్లేయర్, మనోచిత్రాల తయారీ సాధనం వంటి అప్లికేషన్లను ఇది పైథాన్ భాషలో, క్యూటీ గ్రాఫికల్ గ్రంథాలయం ఆధారంగా సమకూరుస్తుంది. ఈమాక్స్ లిస్ప్ ప్రధానంగా ఒకే సూత్రం మీద నడుస్తుంది. బరువైన గ్రాఫికల్ పనిని దానిలోనే చేయిస్తే ఎడిటర్ మొత్తం స్తంభిస్తుంది. అందువల్ల ఈ ఫ్రేమ్‌వర్క్ ఆ పనిని వేరొక ప్రాసెస్‌కు అప్పగించింది. ఇది సాంకేతికంగా సమంజసమైన నిర్ణయం.

దీని పనితీరును నిశితంగా గమనించాలి. ఈమాక్స్‌లో ఒక బఫర్ తెరుచుకుంటుంది కానీ అది కేవలం స్థానసూచిక. ఆ బఫర్ తెర మీద ఎక్కడ, ఎంత పరిమాణంలో ఉందో ఈమాక్స్ పైథాన్ ప్రాసెస్‌కు తెలియజేస్తుంది. పైథాన్ సరిగ్గా ఆ స్థలంలో తన క్యూటీ కిటికీని నిలుపుతుంది. వాడుకరి నొక్కిన మీటలను ఈమాక్స్ స్వీకరించి పైథాన్‌కు పంపుతుంది. చూసేవారికి ఎడిటర్‌లోనే బ్రౌజర్ నడుస్తున్నట్లు ఉంటుంది. వాస్తవానికి రెండు ప్రోగ్రాములు ఒకదాని మీద ఒకటి ఖచ్చితమైన కొలతతో అమరి ఉంటాయి. ఇది సంసృష్టికి పరాకాష్ఠ.

రెండవ ప్రశ్నను ఇక్కడ అడిగితే ఫలితం ఆసక్తికరంగా ఉంటుంది. ఏదైనా మీట ఏం చేస్తుందో చెప్పమని ఈమాక్స్‌ను అడిగితే అది ఆ మీటకు కట్టిన ఆజ్ఞ వివరణను, దాని మూలాన్ని చూపడం ఆచారం. ఈ ఫ్రేమ్‌వర్క్‌లో అదే ప్రశ్న వేస్తే పైథాన్‌కు కబురు పంపే ప్రతినిధి ఆజ్ఞ దగ్గరే సమాధానం ఆగిపోతుంది. అసలు పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే మరొక భాషలోని మరొక ఫైలును వెదకాలి. మూలం రహస్యం కాదు, అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. కానీ ఎడిటర్ నడుస్తుండగానే అక్కడికక్కడ చదివి మార్చే సౌలభ్యం మాత్రం ఆ గడప దాటి లోపలికి వెళ్ళదు.

అయితే ఈ ఫ్రేమ్‌వర్క్ రూపకర్తలు పాఠం విలువను గుర్తించిన చోటు ఒకటి ఉంది. బ్రౌజర్‌లో ఏదైనా రాయవలసిన పెట్టె వచ్చినప్పుడు ఆ పాఠాన్ని మామూలు ఈమాక్స్ బఫర్‌లోకి తెచ్చి, అక్కడ రాసి, తిరిగి పెట్టెలోకి పంపే సౌకర్యాన్ని వారు కల్పించారు. గ్రాఫికల్ అప్లికేషన్ ఎంత సమగ్రమైనదైనా రాసే ఘట్టం వచ్చేసరికి బఫర్‌నే ఆశ్రయించింది. ఈ ఒక్క సౌకర్యమే ఫ్రేమ్‌వర్క్‌ను సంకరం వైపు కొంత నడిపించింది.

4.4 ఎడిటరే ఇల్లైన పద్ధతి:

ఎక్స్‌డబ్ల్యూఎం అనే పొడిగింపు సమస్యను తలకిందులుగా చూసింది. అప్లికేషన్లను ఎడిటర్ కోసం మళ్ళీ రాయడానికి బదులు, ఎక్స్ విండో వ్యవస్థలో కిటికీల నిర్వాహక బాధ్యతనే ఈమాక్స్‌కు అప్పగించింది. అప్పుడు ఏ గ్రాఫికల్ అప్లికేషన్ తెరిచినా దాని కిటికీ ఒక ఈమాక్స్ బఫర్ స్థానంలో కనిపిస్తుంది. బఫర్ల మధ్య మారే ఆజ్ఞలే కిటికీల మధ్య మారడానికి పనికివస్తాయి. అప్లికేషన్ లోపలి పాఠం మీద ఈమాక్స్‌కు అధికారం రాదు. కానీ ఈ పద్ధతి అలాంటి అధికారాన్ని వాగ్దానం చేయదు. కిటికీల అమరిక మీద ఏకసూత్రతను మాత్రమే ఇస్తానంటుంది, దానిని ఇస్తుంది.

మూడవ ప్రశ్న ఈ రెండు పద్ధతులకూ ఇబ్బంది కలిగిస్తుంది. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాము కిటికీని తనలో ఇముడ్చుకోవడాన్ని, ఇతరుల కిటికీలను నిర్వహించడాన్ని ఎక్స్ విండో వ్యవస్థ అనుమతిస్తుంది. దాని స్థానాన్ని ఆక్రమిస్తున్న వేలాండ్ భద్రత దృష్ట్యా అలాంటి చనువును సాధారణంగా అనుమతించదు. 29వ వెర్షన్ నుంచి ఈమాక్స్ నేరుగా వేలాండ్ మీద నడవగలుగుతోంది. అంటే ఎడిటర్ కొత్త నేల మీదకు చేరింది కానీ పాత నేల స్వభావం మీద ఆధారపడిన పొడిగింపులు దానితో సులువుగా కదలలేవు. బఫర్ పాఠం మీద ఆధారపడిన పొడిగింపులకు ఈ బెడద లేదు. 2003లో మొదలైన ఆర్గ్ మోడ్ ఇందుకు సాక్ష్యం. అక్షరాలు ఉన్నచోటల్లా అది నడుస్తుంది.

5. తెలుగు పాఠం దృష్ట్యా:

5.1 గ్రాఫిక్స్ అలంకారం కాదు, ఆధారం:

అక్షరాలకూ గ్రాఫిక్స్‌కూ మధ్య గీసే గీత రోమన్ లిపి వాడుకరికి సహజంగా తోచవచ్చు. ఒక అక్షరానికి ఒక గడి చొప్పున కేటాయించే టెర్మినల్‌లో ఆ లిపి చక్కగా అమరుతుంది. తెలుగు అలా అమరదు. 'స్త్రీ' అన్న మాట కంటికి ఒకే అక్షరంగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో అది సకారం, విరామం, తకారం, విరామం, రేఫం, ఈకారపు గుర్తు అనే ఆరు సంకేతాల వరుస. ఆ వరుసను ఒత్తులతో, గుడిదీర్ఘంతో కూడిన ఒకే ఆకృతిగా కూర్చడానికి అక్షరాలను తీర్చే యంత్రాంగం కావాలి. 2020 నాటి 27వ వెర్షన్‌లో ఈమాక్స్ ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే గ్రంథాలయాన్ని స్వీకరించింది. గ్రాఫికల్ కిటికీలో నడిచే ఈమాక్స్ తెలుగును సరిగా చూపగలగడానికి ఇదే ఆధారం.

కాబట్టి తెలుగు విషయంలో గ్రాఫిక్స్ పాఠానికి బయటి వస్తువు కాదు, పాఠం పాఠంగా కనిపించడానికే అది అవసరం. టెర్మినలే ఈమాక్స్‌కు అసలు నివాసమని, గ్రాఫికల్ కిటికీ విలాసమని చేసే వాదన తెలుగు లిపిని లెక్కలోకి తీసుకోని వాదన. మరోవైపు, ఇక్కడ గ్రాఫిక్స్ పూర్తిగా పాఠానికి లోబడి ఉన్నదన్న సంగతి కూడా గమనార్హం. ఆకృతి ఒకటే అయినా లోపల ఆరు సంకేతాలూ పదిలంగా ఉంటాయి. వెనక్కి చెరిపే మీట నొక్కితే చివరి సంకేతం మాత్రమే పోయి ఈకారం తొలగుతుంది. పాఠం, ఆకృతి విడదీయరానివిగా కలిసిన ఈ స్థితి క్షీరనీర న్యాయానికి సరైన ఉదాహరణ.

5.2 టైపింగ్:

ఈమాక్స్‌లో తెలుగు రాయడానికి ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ పద్ధతులు ముందునుంచే చేరి ఉన్నాయి. ఇవి ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడవు, బఫర్‌లో అక్షరాలు చేరే ఘట్టంలో పనిచేస్తాయి. ఫ్రేమ్‌వర్క్‌లోని బ్రౌజర్ వంటి చోట మీటలు నేరుగా పరాయి ప్రాసెస్‌కు వెళ్తాయి కనుక ఈ పద్ధతుల ప్రయోజనం అక్కడ అందదు. 4.3లో పేర్కొన్న, పాఠాన్ని బఫర్‌లోకి తెచ్చి రాసే సౌకర్యం తెలుగు వాడుకరికి ఇక్కడ వరమవుతుంది. ఎక్స్‌డబ్ల్యూఎం మరొక పరిష్కారం చూపింది. ఈమాక్స్ టైపింగ్ పద్ధతులను ఇతర అప్లికేషన్లలో కూడా వాడుకునేందుకు అది ఒక అనుబంధాన్ని సమకూర్చింది. అప్లికేషన్‌ను లోపలికి తీసుకురావడం కన్నా, ఎడిటర్ గుణాన్ని బయటకు పంపడం కొన్నిసార్లు మేలైన విస్తరణ అని దీనివల్ల తెలుస్తుంది.

5.3 తెలుగు పీడీఎఫ్‌లు:

తెలుగు పరిశోధకులు చదివే పీడీఎఫ్‌లలో అధికభాగం రెండు రకాలు. మొదటివి పాత గ్రంథాల స్కాన్లు. వీటిలో ఉన్నది బొమ్మే కానీ అక్షరాలు కావు. రెండవవి యూనికోడ్ కాని ఫాంట్లతో కూర్చిన పుస్తకాలు. వీటిలో తెర మీద తెలుగు కనిపిస్తుంది కానీ లోపల ఉన్నవి రోమన్ అక్షరాలకు, ఇతర గుర్తులకు చెందిన సంకేతాలు. అలాంటి పేజీ నుంచి ఒక వాక్యాన్ని ఎత్తిరాస్తే చదవరాని గుర్తుల గుంపు చేతికి వస్తుంది. పీడీఎఫ్ టూల్స్ ఎంత సమర్థమైనదైనా అక్కడ తెలుగు మాటను వెదకలేదు.

దీన్నిబట్టి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. చేరిక నాణ్యత ఎడిటర్ చేతిలో మాత్రమే లేదు. లోపలికి వచ్చే పత్రంలో పాఠం పాఠంగా లేనప్పుడు ఉత్తమమైన పద్ధతి కూడా డాక్‌వ్యూ స్థాయికి దిగిపోతుంది. స్కాన్ల విషయంలో తెలుగును గుర్తించగల టెసరాక్ట్ వంటి ప్రోగ్రాములతో పాఠాన్ని రాబట్టి, బఫర్‌లో దిద్దుకోవడం ఒక మార్గం. పాత ఫాంట్ల విషయంలో సంకేతాలను యూనికోడ్‌కు మార్చడం ఒక మార్గం. రెండూ పాఠపరిష్కరణ లక్షణం గల పనులే కనుక టెక్స్ట్ ఎడిటరే వాటికి తగిన చోటు.

6. ఆక్షేపణలు – సమాధానాలు:

పాఠలభ్యతనే గీటురాయిగా తీసుకోవడం మీద కొన్ని ఆక్షేపణలకు అవకాశం ఉంది. నేటి వెబ్ అంతటినీ బఫర్ పాఠంగా మార్చడం అసాధ్యమన్నది మొదటిది. ఇది అంగీకరించదగినదే. జావాస్క్రిప్ట్ లేనిదే తెరుచుకోని గ్రంథాలయ సూచిక ముందు ఈడబ్ల్యూడబ్ల్యూ పనికిరాదు. అక్కడ సంసృష్టి తప్ప మార్గం లేదు.

పనిచేసే చోటు మారకుండా ఉంటే ఏకాగ్రత నిలుస్తుంది, కాబట్టి కిటికీ లోపల ఉండటమే ఒక ప్రయోజనం అన్నది రెండవది. ఇందులో కూడా నిజం ఉంది. ఎక్స్‌డబ్ల్యూఎం విలువ దీనిమీదే ఆధారపడింది. అయితే చోటు మారకపోవడం, ఆజ్ఞ మారకపోవడం ఒకటి కావు. ఒకే తెర మీద ఉంటూనే రెండు రకాల ఆజ్ఞలను గుర్తుంచుకోవలసి వస్తే ఏకాగ్రత వాదం సగమే నెగ్గుతుంది.

మూడవ ఆక్షేపణ అన్నిటికన్నా బలమైనది. బొమ్మను పాఠంగా మార్చడమే గమ్యమైతే బొమ్మలోని సాక్ష్యం నశిస్తుంది. తాళపత్ర ప్రతిలో లేఖకుని అక్షరాకృతి, కొట్టివేత, పంక్తుల మధ్య చేర్పు, పురుగు తిన్న జాడ, ఇవన్నీ పరిష్కర్తకు ఆధారాలు. వాటిని అక్షరాలుగా కరిగించలేము. ఇలాంటిచోట సంసృష్టే యోగ్యమైన కలయిక. బొమ్మ బొమ్మగా, లిఖితపాఠం పాఠంగా పక్కపక్కన నిలవాలి, వాటి మధ్య సంబంధం మాత్రం నమోదు కావాలి. పీడీఎఫ్ పేజీలోని ఒక స్థానాన్ని ఆర్గ్ బఫర్‌లోని వ్యాఖ్యతో ముడివేసే ఆర్గ్ నోటర్ అనే పొడిగింపు ఈ అవసరాన్ని తీరుస్తుంది. బొమ్మను అది పాఠంగా మార్చదు, బొమ్మకూ పాఠానికీ మధ్య దారం కడుతుంది. ఆ దారం కూడా అక్షరాలలోనే నమోదవుతుంది కనుక ఎడిటర్ పరిధి దాటదు.

7. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. అక్షరాల ఎడిటర్‌కు గ్రాఫిక్స్ పరాయివన్న అభిప్రాయం ఈమాక్స్ చరిత్రకు విరుద్ధం. తెలుగు వంటి లిపుల విషయంలో ఆ అభిప్రాయం ఆచరణకు కూడా విరుద్ధం.

2. గ్రాఫికల్ అప్లికేషన్ల చేరిక సంసృష్టి, సంకరం అని రెండు విధాలు. ఎక్స్‌విడ్జెట్, ఈమాక్స్ అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్, ఎక్స్‌డబ్ల్యూఎం ప్రధానంగా మొదటి కోవకు చెందుతాయి. ఈడబ్ల్యూడబ్ల్యూ రెండవ కోవకు చెందుతుంది. పీడీఎఫ్ టూల్స్ అంగాంగిభావంతో రెండవదానికి చేరువగా ఉంటుంది.

3. సంసృష్టి పద్ధతులు ఎక్కువ అప్లికేషన్లను లోపలికి తెస్తాయి కానీ ఎడిటర్ స్వీయవివరణ గుణాన్ని వాటికి ఇవ్వలేవు. కిటికీ వ్యవస్థ మారినప్పుడు ముందుగా దెబ్బతినేది అవే.

4. ఫ్రేమ్‌వర్క్‌లో రాసే ఘట్టం బఫర్‌కు తిరిగి రావడం, ఎక్స్‌డబ్ల్యూఎం టైపింగ్ పద్ధతులను బయటకు పంపడం, ఈ రెండూ సంసృష్టి లోపాన్ని తగ్గించే మార్గాలు. తెలుగు వాడుకరికి ఇవి ప్రత్యేకించి ఉపయోగకరం.

5. స్కాన్లు, యూనికోడ్ కాని ఫాంట్ల పీడీఎఫ్‌ల విషయంలో లోపం ఎడిటర్‌ది కాదు, పత్రానిది. పరిశోధన గ్రంథాలను, సిద్ధాంత వ్యాసాలను యూనికోడ్‌లో కూర్చి భద్రపరచడం పాఠలభ్యతకు తొలి షరతు.

6. చేతిరాత ప్రతుల వంటి సామగ్రి విషయంలో బొమ్మను బొమ్మగానే నిలిపి, పాఠంతో ముడివేయడం సరైన పద్ధతి.

ఎడిటర్‌ను ఎంతవరకు విస్తరించవచ్చన్న ప్రశ్నకు సాంకేతికంగా హద్దు కనిపించదు. హద్దు మరొకచోట ఉంది. తెర మీద కనిపించే అక్షరాన్ని చదువరి వెదకగలిగి, ఎత్తిరాయగలిగి, దిద్దగలిగినంత వరకే అది ఎడిటర్. ఆ అధికారం అందని చోట అది ప్రదర్శనశాల మాత్రమే. తెలుగు పాఠాలను రేపటి పరిశోధకులకు అందించే పనిలో ఉన్నవారు ఏ సాధనాన్ని ఎంచుకున్నా, అందులో ఎన్ని కిటికీలు తెరుచుకుంటాయన్న దానికన్నా ఎంత పాఠం చేతికి అందుతుందన్న దానిని ముందుగా పరీక్షించుకోవలసి ఉంటుంది.